కాళ్లకు తగిలిన గాలి

హనుమేష్ మేనేజరు నవ్వినాడంటే ఎవరికో మూడినట్టే. సోమవారం మధ్యాన్నం ఆయన షమా కుర్చీ ఎనకాల నిలబడి నవ్వినాడు.

బండలకొట్టాల ఊరి బండల పాలిష్ ఫ్యాక్టరీ ఆఫీసులో ఆ పిల్లది కంప్యూటరు పని. లారీకి బండలెక్కితే చీటీ కొట్టియ్యాల, ఫోనొస్తే ఎత్తాల. అన్నాల యాళకు టిఫిన్ గిన్నె ఒక పక్కన పెట్టుకోని, కర్నూల్లో చదివేటప్పుడు అలవాటైన ఊర్లు కట్టే ఆట తెరిచింది. అందులో మనమే రోడ్లేయాల, ఇండ్లకు జాగాలియ్యాల, ఫ్యాక్టరీలు పెట్టాల. గాలీ నీళ్లూ బాగుంటే జనం వచ్చి చేరతారు, చెడిపోతే ఇండ్లు ఖాళీ చేసి పోతారు. ఎనక అలికిడైతే దొంగ దొరికినట్టు అదిరిపడి మూయబోయింది.

"మూయొద్దు పాపా. ఇందులో మన ఊరు కట్టొచ్చునా?" అన్నాడు హనుమేష్.

కట్టొచ్చు సార్ అనింది షమా. గమ్మునుండింటే ఈ కతే లేదు.

బేస్తవారం ఊర్లో ప్రజాభిప్రాయ సేకరణ ఉండాది. ఫ్యాక్టరీ వాళ్లు ఇన్నేండ్లూ బయట పారబోసిన రాతి బురద ఎండిపోయి గుట్టలైనాది. ఆ గుట్టలను మరలో ఏసి, మెత్తగా పిండి కొట్టి, సంచులకెత్తే మిల్లు పెట్టాలని ఓనరు ఆలోచన. జాగా కూడా చూసి పెట్టుకున్నాడు, కాలనీకి పడమర రెండు చేన్ల అవతల. జిల్లా నుంచి ఆఫీసర్లొచ్చి, మిల్లు కావల్నా వద్దా అని జనాన్నడిగి రాసుకోని పోతారు. కాలనీలో ఉండేదంతా బండలు కోసి కోసి ఆ దుమ్ముకు ఊపిరి పాడు చేసుకున్నోళ్లే. వాళ్లేమంటారో హనుమేష్‌కు తెలుసు. అందుకే ఆయనకు మాటలు కాకుండా చూపిచ్చేది ఏదన్నా కావల్సొచ్చింది.

ఆ ఆటలో ఒక పక్కన పర్యావరణ నియమాలని పట్టీ ఉంటాది. పొగగొట్టానికి జల్లెడ బిగించాల, లారీల మీద పట్ట కప్పాల, రోడ్డుకు నీళ్లు చల్లాల, ఫ్యాక్టరీ చుట్టూ చెట్లు పెంచాల, కడిగిన నీళ్లు మళ్లీ వాడాల. దేని ముందర టిక్కు పెడితే అది ఆ ఊరికి చట్టమైపోతాది. నిజం ఊర్లో నోరు పడిపోయేట్టు అరిచినా కాని పని ఆడ ఒక్క నొక్కుతో అవుతాది. షమాకు ఆ ఆట మీద అంత పిచ్చి ఎందుకంటే అందుకే.

ఇవన్నీ మన మిల్లుకు నిజంగా పెడతారా సార్ అని ఆ పిల్ల అడిగింది. పెట్టకుండా ఎట్లుంటాం, సర్కారు ఊరుకుంటాదా అన్నాడు హనుమేష్. దుడ్లకు కొదవ లేనట్టు పెట్టుకోని కట్టమన్నాడు. సర్వే పటం ఒకటీ, ఆఫీసు ల్యాప్‌టాప్ ఒకటీ చేతికిచ్చినాడు. మిల్లు పడితే కొత్త ఆఫీసులో కుర్చీ నీదే అని కూడా చెప్పినాడు. షమా ఆ మాట నమ్మింది. అంతకంటే ఎక్కువ ఆ నియమాలను నమ్మింది.

*

మంగళవారం పొద్దున్నే ఊరు తయారైంది. సర్వే పటంలో ఎట్లుందో అట్లే కట్టింది. ఉత్తరం పైన, దక్షిణం కింద, ఎడమ పక్క పడమట మిల్లు, కుడి పక్క తూర్పున కాలనీ. ఇంగా మసీదు, చర్చి, గోరీల జాగా పెట్టలేదు గానీ ఇండ్లు మాత్రం లెక్క తప్పకుండా పెట్టింది. నియమాలన్నిటికీ టిక్కులు పెట్టి, దుమ్ము యాడ పడతాదో చూపిచ్చే బొత్తాం నొక్కింది. మంచి నేల ఆకుపచ్చగా, దుమ్ము పడ్డ నేల మట్టిరంగుగా కనపడతాది ఆడ.

కాలనీ అంతా మట్టిరంగు.

హనుమేష్ ముక్కు తెరకు ఆనేంత వంగి చూసినాడు. టిక్కులన్నీ పెట్టినావా అని అడిగినాడు. అన్నీ పెట్టినా సార్, పెట్టకముందు ఇంగా నల్లగుండె అనింది. తెర మీద ఎడమ నుంచి కుడికి సన్న బాణాలు కదులుతాంటే, ఇవేంది అన్నాడు.

"గాలి సార్. ఈ ఆటలో గాలి ఎప్పుడూ ఎడం పక్కనుంచే కొడతాది. చేసినోళ్లు అట్ల చేసినారు. మనదీ పడమటి గాలే గదా, సరిపోయింది."

ఆయన వక్కపొడి నోట్లో ఏసుకోని బయటికి పోయినాడు. రోంచేపటికి తిరిగొచ్చి, సర్వే పటాన్ని బల్ల మీద నిలువుగా పరిచి, దాన్ని చేత్తో అట్ల అడ్డంగా తిప్పినాడు. బేస్తవారం షామియానా కింద పెట్టే తెర అడ్డం పొడుగుదంట. మన పటమేమో నిలువు పొడుగుదంట. ఎనక కూచున్నోళ్లకు కనపడల్లంటే ఊరిని ఇట్ల తిప్పి కట్టమన్నాడు. పనిలో పనిగా చెట్లు ఇంగో వరస పెట్టమన్నాడు.

షమా పొద్దు గుంకేదాకా కూచోని ఊరంతా మళ్లీ కట్టింది. ఇప్పుడు మిల్లు పైకి పోయింది, కాలనీ కిందికొచ్చింది. చెట్లు ఇంగో వరస పెట్టింది. బొత్తాం నొక్కితే ఏముంది, కాలనీ అంతా పచ్చగా ఉండాది. దుమ్మంతా కుడి పక్కన బీళ్లల్లోకి పోయి పడింది. ఆ పిల్లకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. ఒక్క వరస చెట్లకు ఇంత గుణముందా అనుకునింది. చదువుకున్న పిల్ల, ఎడమేదో కుడేదో తెలిసిన పిల్ల. ఊరు తిరిగినా గాలి తిరగలేదని తెలుసుకోలేకపోయింది. ఎవరినని ఏం లాభం.

*

షమా నాయన దాదాపీర్ ఇరవై రెండేండ్లు కోత మిషను మీద నిలబడినోడు. ఇప్పుడు అరుగు మీద కూచుంటాడు. నాలుగు మాటలు మాట్లాడితే ఐదో మాట దగ్గే. చేతికి ఏది తగిలినా బొటనవేలు నాలికకు అద్దుకోని దాని మీద రుద్ది చూసే అలవాటు మాత్రం ఇంగా పోలేదు. కోసిన బండ మీద తెల్ల దుమ్ము పేరుకోని ఉంటాది. తడి వేలితో రుద్దితేనే అసలు రంగు బయటపడతాది. అన్నం పళ్లెమైనా, గోడైనా, బస్సు కిటికీ అయినా ఆయన అట్లే రుద్దేది.

కూతురు ఏం పని ఒప్పుకునిందో సోమవారం మాపటికే కాలనీలో తెలిసిపోయినాది. ఆ పూట నుంచి ఆయన షమాతో మాట్లాడేది మానుకున్నాడు. తిట్టింటే బాగుండు. తిట్టలేదు. నీళ్లు కావల్సొస్తే తన తల్లి, షమా జేజి బషీరాబీని అడిగేది. కూతురు చెంబు తెచ్చి పెడితే ఆ చెంబు ముట్టేది కాదు.

మంగళవారం మాపటేల షమా ఫోన్లో పచ్చటి ఊరిని ఫొటో తీసుకోనొచ్చి జేజికి చూపిచ్చింది. ఇది మనిల్లు, ఇది ట్యాంకు, ఇవి చెట్లు అని వేలు పెట్టి చెప్పింది. ఈ నియమాలన్నీ పెడితే మిల్లొచ్చినా మనకేం కాదు జేజీ అనింది. నాయనకు ఇనపడాలనే గట్టిగా అనింది.

బషీరాబీ చూపు రోంత మందగించినాది గానీ బుర్ర మందగించలేదు. మీ తాత యాడున్నాడు ఇందులో అని అడిగింది. గోరీలు ఇంగా పెట్టలేదు, రేపు పెడతా అనింది షమా. ఊరంటివి, మీ తాత లేకుండా ఊరేందే అని ముసలామె మూతి తిప్పింది.

దాదాపీర్ చెయ్యి చాపినాడు. షమా ఫోనిచ్చింది. ఆయన బొటనవేలు నాలికకు అద్దుకోని ఆ పచ్చదనం మీద రెండుసార్లు రుద్ది, వాళ్లమ్మ తట్టు తిరిగినాడు.

"పాలిష్ బాగా పట్టినాదమ్మా" అని ఫోను అరుగు మీద పెట్టేసినాడు.

ఆ పొద్దు షమా అన్నం తినలేదు. కోపానికి తినలేదు. వీళ్లకేం తెలుసు, మాట మాట్లాడితే వద్దు వద్దనడం తప్ప అనుకునింది.

*

బుధవారం పొద్దున కొళాయి కాడ ఏసుమణి షమాను పట్టుకునింది. ఏసుమణి పాలిష్ మిషను కాడ పదేండ్లు చేసి, కూలి పెంచమన్నందుకు పని పోగొట్టుకున్న మనిషి. చర్చి కాడ ఆడోళ్లను కూడగట్టి మిల్లొద్దని అర్జీ రాపిచ్చింది ఆమే. షమా బిందె పెట్టబోతే తన బిందె అడ్డం పెట్టింది.

"మా ఇండ్లన్నీ నీ పెట్టెలో పెట్టినావంటనే. మమ్మల్నడిగి పెట్టినావా?"

మంచికే పెట్టినానక్కా, దుమ్ము రాకుండా ఏమేం చెయ్యాలో అందులో ఉండాది అని షమా చెప్పబోయింది. ఏసుమణి ఇనలేదు. ఫ్యాక్టరీ పెట్టిన రోజు కూడా చెట్లు పెంచుతామనే చెప్పినారు, ఒక్క చెట్టు చూపిచ్చు, నీ కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటా అనింది. కొళాయి కాడుండే ఆడోళ్లు ఒక్కరూ షమా తట్టు చూడలేదు. నిన్న మొన్నటిదాకా షమమ్మా అని పిలిచినోళ్లే. ఖాళీ బిందెతో ఇంటికి తిరిగొస్తాంటే ఎనకనుంచి ఎవరో నవ్వినారు.

ఆ మంటతోనే ఆఫీసుకు పోయి మసీదు కట్టింది, చర్చి కట్టింది. గోరీల జాగా పెట్టేటప్పుడు మాత్రం చెయ్యి నెమ్మదించింది. సర్వే పటంలో కాలనీ పక్కనే గోరీల జాగా గీసుండాది, వరసగా సన్న గీతలతో. తిప్పిన పటం ముందర పెట్టుకోని, ఆ గీతలెట్లున్నాయో అట్లే ఒక్కొక్క రాయీ పండబెట్టింది. తాత గోరీ కాడ కానుగ చెట్టుండాది. వెతికి వెతికి అట్లాంటి చెట్టే ఒకటి తెచ్చి, తల కాడ నాటింది.

హనుమేష్ వచ్చి, గోరీలెందుకు పాపా అన్నాడు. మా జేజి చూస్తాది సార్ అనింది. ఆయన రోంచేపు ఆలోచించి, పెట్టు పెట్టు, ముసిలోళ్ల మనసు కరుగుతాది అన్నాడు. తన గోయి తాను తవ్వుకోవడమంటే ఏందో ఆయనకు ఆ పొద్దు తెలీదు.

*

బేస్తవారం హైస్కూలు మైదానంలో షామియానా ఏసినారు. ఆషాఢం గాలికి షామియానా గుడ్డ పటపట కొట్టుకుంటాండాది. ముందు వరస బల్ల కాడ జిల్లా నుంచొచ్చిన మేడం, ఆమె పక్కన రాసుకునేటోడు, ఎనక పోలీసులు. ఒక పక్కన అద్దెకు తెచ్చిన పెద్ద తెర, దాని కింద ల్యాప్‌టాప్‌తో షమా. కాలనీ జనం ఎడంగా, మొగాలు మాడ్చుకోని కూచున్నారు. దాదాపీర్ అందరికంటే ఎనక, గుంజకు ఆనుకోని నిలబడినాడు. రాడనుకునింది షమా. వచ్చినాడు గానీ తెర తట్టు చూడలేదు.

హనుమేష్ మైకు పట్టుకున్నాడు. ఇది ఆట కాదు, సైన్సు అన్నాడు. అర్జీలు రాసేటోళ్లు, అరిచేటోళ్లు చాలామంది ఉంటారు, కండ్లతో చూపిచ్చేటోళ్లు మేము అన్నాడు. షమా ఒక్కొక్క నియమం ముందర టిక్కు పెడతాంటే ఆయన ఒక్కొక్కటీ చదివి చెప్పినాడు. తెర మీద ఊరు పచ్చగా తేలింది. ఏసుమణి లేసి, ఇప్పుడుండే ఫ్యాక్టరీకి ఇందులో ఒక్కటన్నా పెట్టినారా అని అడిగింది. అడిగేదానికి టైమిస్తాం, కూచోమ్మా అన్నాడు. పోలీసాయన కూడా కూచోమన్నాడు. ఏసుమణి కూచునింది గానీ చూపు షమా మీదనుంచి తీయలేదు.

హనుమేష్ కర్ర తీసుకోని తెర మీద బాణాలు చూపిచ్చినాడు. ఎడం పక్క పడమర, ఇది పడమటి గాలి, మీరు రోజూ చూసేదే అన్నాడు. గాలి మిల్లు మీదుగా నేరుగా బీళ్లల్లోకి పోతాండాది, మీ ఇండ్ల మొగం కూడా చూడ్డంలేదు అని, ఆ మాటకు తానే నవ్వినాడు.

అప్పుడు బషీరాబీ లేసింది. చేతికర్ర ఊతతో మెల్లగా తెర కాడికి నడిచొచ్చింది. పెద్దామె గదా అని ఎవరూ ఆపలేదు. మా ముసిలాయన్ను చూపియ్యి అని షమాను అడిగింది. షమా ఊరిని దగ్గరికి లాగి, కానుగ చెట్టూ దాని కింద రాయీ చూపిచ్చింది. ముసలామె కండ్లు చికిలించి శానాసేపు చూసింది.

"ఏమప్పా మేనేజరూ, ఇది పడమటి గాలే అంటివి గదా?"

అవునవ్వా అన్నాడు హనుమేష్. ముసిలోళ్ల మనసు కరుగుతాదని ఆయన ఇంగా కాచుకోనుండాడు.

"మావోళ్లను పండబెట్టేది తల ఉత్తరానికి, మొగం పడమటికి. మా ఆయన పోయి పద్దెనిమిదేండ్లు. ఆషాఢం గాలి ఆయన మొగానికే కొడతాది. ఈడేమో కాళ్లకు కొడతాండాది. గోరీని తిప్పినారా, గాలిని తిప్పినారా?"

ముందు వరసలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. మసీదు కమిటీ పెద్దమనిషి లేసి నిలబడి, చెయ్యి గాల్లో పెట్టి తెరనూ మైదానం అవతల గోరీల జాగానూ మార్చి మార్చి చూసినాడు. ఆయనెనక ఒక్కొక్కరే లేచినారు. పటం చదవడం రానోళ్లే అంతా. కానీ సొంత మనిషిని మట్టిలో ఏ దిక్కుకు తిప్పి పెట్టినారో మర్చిపోయినోడు ఆ గుంపులో ఒక్కడూ లేడు.

షమాకు అర్థమైపోయింది. ఒక్కసారిగా అంతా అర్థమైంది. మంగళవారం సారు తెరకు ముక్కు ఆనిచ్చి చూసినాడు, ఈ బాణాలేంది అని అడిగినాడు, వక్కపొడి ఏసుకోని పోయినాడు, తిరిగొచ్చి పటాన్ని చేత్తో తిప్పినాడు. చెట్ల వరస కాదు, ఏ నియమమూ కాదు. ఇండ్లను గాలికి పక్కకు జరిపినారు, అంతే. జరిపింది తన చేతులే. సిగ్గుతో చెవులు కాలిపోయినాయి. ఆ సిగ్గు కింద కోపం, ఇంతవరకూ జన్మలో ఎరగనంత కోపం లేసింది.

తెర సైజుకు అట్ల పెట్టినాంలే అవ్వా, దిక్కుల్దేముంది అని హనుమేష్ సర్దబోయినాడు. తర్వాత వంగి, మైకును అరచేత్తో మూసి, షమా చెవికాడ మెల్లగా అన్నాడు.

"తెర ఆపేయ్. కరెంటు పోయిందని చెప్తా. నీ కుర్చీ యాడికీ పోదు."

షమా తెర ఆపలేదు. మంగళవారం పొద్దున కట్టిన ఊరిని తెరిచింది. దాన్ని చెరిపెయ్యల్లని ఆ పిల్లకు తోచలేదు, చెరిపెయ్యమని చెప్పల్లని ఆయనకూ తోచలేదు. మిల్లు ఎడమకు పోయింది, కాలనీ కుడికొచ్చింది. గోరీలు లేవు, మసీదు లేదు, ఉత్త ఇండ్లు. దుమ్ము బొత్తాం నొక్కింది. మట్టిరంగు మిల్లు కాడ మొదలై, రెండు చేన్లు దాటి, కాలనీ మీదికి పాకి ఆడ్నే నిలబడింది.

హనుమేష్ ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యేసినాడు. షమా ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది. మైకు లేకుండానే, మేడం తట్టు తిరిగి చెప్పింది.

"ఇది సర్వే పటంలో ఉన్నట్టే కట్టిన ఊరు మేడం. నియమాలన్నిటికీ టిక్కులున్నాయి, ఒక్కటీ తీయలేదు. ఇందాక చూపిచ్చింది తిప్పి కట్టింది. కట్టింది నేనే, తప్పు నాదే. తిప్పమన్నది సారు."

 హనుమేష్ గొంతు సవరించుకోని, మేడం, ఎంతైనా ఇది పిల్లలాడుకునే ఆట, దీన్ని పట్టుకోని ఒక నిర్ణయానికి రావడం అన్నాడు. మేడం కాగితంలోంచి తలెత్తింది.

"ఇందాక సైన్సన్నారు."

 మేడం రాసేటాయనకు ఏదో చెప్పి రాపిచ్చింది. జాగా మీద గాలి దిక్కు మళ్లీ కొలవల్లంట, అది అయినాక ఇంగో తేదీ చెప్తారంట. మిల్లు ఆగిపోయిందని ఎవరూ సంబరపడొద్దు. ఆఫీసు కాగితాలు యాడ తిరిగి యాడ తేలతాయో మనకెరికే. కానీ ఆ పొద్దు మాత్రం అనుమతి లేకుండానే జీపులు ఎనక్కి పోయినాయి.

*

జనం చెదిరిపోయినారు. ఎవరూ షమా భుజం తట్టలేదు. ఏసుమణి పక్కనుంచి పోతా ఒక్క క్షణం ఆగి, రెండు దినాలు మమ్మల్ని పచ్చగా చూపిచ్చుకున్నావు గదా, ఇంగ చాలు అనేసి పోయింది.  హనుమేష్ మైదానం గేటు కాడ ఓనరుతో ఫోన్లో మాట్లాడతాండాడు. ల్యాప్‌టాప్ ఆఫీసుకు పంపిచ్చేసి నువ్వు మాత్రం రావొద్దని ఆఫీసు పిల్లోనితో చెప్పి పంపినాడు. తనే వచ్చి చెప్పే మొగం లేకపోయింది ఆయనకు.

తెర తీసేసినారు. షమా చిన్న తెర మీద ఆ మట్టిరంగు ఊరినే చూస్తా కూచునింది. మూసేస్తే మళ్లీ తెరిచేది ఉండదు. పక్కన నీడ పడితే తలెత్తింది. దాదాపీర్ నిలబడుండాడు. గుంజ కాడనుంచి ఈడికి నడిచినందుకే ఆయాసం వచ్చినాది. బల్ల పట్టుకోని దగ్గు తగ్గేదాకా ఆగి, వంగి చూసినాడు.

ఇండ్ల వరసలో వేలు జరుపుతా పోయి, మూడో వీధి చివర తనింటి కాడ ఆగినాడు. అరుగు కనపడదు గానీ ఇల్లు అదే. బొటనవేలు నాలికకు అద్దుకున్నాడు. ఆ మట్టిరంగు మీద ఒకసారి రుద్దినాడు. ఇంగోసారి గట్టిగా రుద్దినాడు. రంగు పోలేదు. తెర మీద తడి మరక మాత్రం మిగిలింది.

"ఇది అసలు రంగు" అన్నాడు.

మూడు దినాల తర్వాత షమాతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది. ఆ పిల్లకు ఏడుపొచ్చింది. కొంగుతో తెర తుడవబోతే, ఆయన చెయ్యి పట్టుకోని ఆపినాడు.

"తుడవొద్దులే. మూసేసి రా, పోదాం. మీ జేజి ఎండలో నిలబడుండాది."